గ్లాసుడు నీళ్ళు చేసిన పని

(స్వర్ణోత్సవ సభలో 1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి, ఇంజినీరు చేసిన ప్రసంగ పాఠం)



నేను మెకానికల్ ఇంజినీరును. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో పంపులు తయారుచేసే ఒక కంపెనీలో పాతికేళ్ళకు పైగా పనిచేస్తున్నాను. సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అమెరికాలో మీరు సాధించిన విజయాల గురించి పదిహేను నిమిషాలు మాట్లాడండి" అన్నారు. ఆలోచించాను. విజయాల మీద పదిహేను నిమిషాలు మాట్లాడేంత సరుకు నా దగ్గర లేదు. పాడుచేసిన పని మాత్రం ఒకటి గట్టిగా ఉంది. దాని మీదైతే గంటసేపు మాట్లాడగలను. కంగారుపడకండి, టైములోపే ముగిస్తాను.

ఇంకో సంగతి. నిన్న సాయంత్రం బడి చూద్దామని వచ్చి, వరండాలో మా బ్యాచ్ పెట్టించిన మంచినీళ్ళ ఫిల్టర్ దగ్గర కాసేపు నిలబడ్డాను. అక్కడ చూసినదాని గురించి చివర్లో చెబుతాను. రెండూ ఒకటే కథ.

మా సైన్స్ మాస్టారు ఇక్కడే ముందు వరుసలో కూర్చున్నారు. మాస్టారూ, మీకు గుర్తుందో లేదో, మేం తొమ్మిదో తరగతిలో ఉండగా మీరు రెండు టానిక్కు సీసాలు తెచ్చారు. ఒకదాన్ని అంచుదాకా నీళ్ళతో నింపి మూత బిగించారు. రెండోదాంట్లో సగమే పోసి మూత తీసేశారు. రెండింటినీ టౌనులో ఐస్ ఫ్యాక్టరీకి పంపించి, మర్నాడు గుడ్డ సంచిలో తెప్పించారు. మొదటిది ముక్కలైంది. రెండోది చెక్కుచెదరలేదు. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే చిక్కగా ఉంటుందనీ, గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుందనీ బోర్డు మీద రాశారు. వంద గ్లాసుల నీళ్ళు గడ్డకడితే నూట తొమ్మిది గ్లాసుల మంచు అవుతుందన్నమాట. అదంతా నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. పరీక్షలో అయిదుకు అయిదు మార్కులు వచ్చాయి.

కానీ ఆ రోజు మీరు ఒక ప్రశ్న అడిగారు. "రెండో సీసా ఎందుకు పగల్లేదురా?" అని. ఇంతలో గంట కొట్టారు. "ఇంటికెళ్ళి ఆలోచించండి" అన్నారు. మేం ఆలోచించలేదు. మంచు అంటే ఐస్‌ఫ్రూట్ బండి తప్ప వేరే ఎరగని వయసు. ఆ జవాబు బాకీ ఈరోజు తీర్చుకుంటాను.

మిన్నెసోటా సంగతి కొంచెం చెప్పాలి. కెనడా సరిహద్దు రాష్ట్రం. మన దగ్గర లంబసింగిలో మంచు పడిందంటే కార్లు కట్టుకుని చూడ్డానికి వెళ్తాం. అక్కడ జనవరిలో మైనస్ 20 డిగ్రీలంటే ఎవరూ వార్త అనుకోరు. 1996 ఫిబ్రవరి 2న ఆ రాష్ట్రంలోనే టవర్ అనే ఊళ్ళో మైనస్ 51 డిగ్రీలు నమోదైంది. అందుకే అక్కడివాళ్ళకు వేసవి అంటే పండగ. మే నెల నుంచి అక్టోబరు దాకా దొరికిన ప్రతి సెలవుకీ సరస్సుల ఒడ్డుకి, అడవుల్లోకి పోతారు. చాలామంది తమతోపాటు ఇల్లు కూడా పట్టుకుపోతారు. దాన్నే ఆర్వీ అంటారు. కొన్ని బస్సులాగా తమంతట తామే నడుస్తాయి, కొన్నిటిని కారు వెనకో పికప్ ట్రక్కు వెనకో తగిలించుకుని లాక్కుపోవాలి. మేం 2015లో కొన్నది రెండో రకం, 24 అడుగుల ట్రైలరు. అందులో రెండు పడకలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్‌రూమ్ ఉన్నాయి.

ఇంజినీరుగా నాకు దాంట్లో ముచ్చటగా అనిపించింది నీళ్ళ ఏర్పాటు. పడక కింద 150 లీటర్ల మంచినీళ్ళ ట్యాంకు. 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే చిన్న పంపు. మీరు కుళాయి తిప్పగానే పంపు ఆడుతుంది, కట్టేయగానే ఆగిపోతుంది. వేడినీళ్ళకు 23 లీటర్ల హీటరు. వాడిన నీళ్ళకు ఒక ట్యాంకు, మరుగుదొడ్డికి ఇంకో ట్యాంకు. వీటన్నిటినీ కలుపుతూ గోడల్లోంచి, నేల కిందనుంచి అరంగుళం ప్లాస్టిక్ పైపులు. మన ఇంట్లో ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి సెప్టిక్ ట్యాంకు దాకా ఉన్నదంతా 24 అడుగుల్లో ఇరికించారనుకోండి.

చలికాలం వచ్చేముందు ఈ ఏర్పాటులో చుక్క నీరు మిగలకుండా తీసేయాలి. లేకపోతే గడ్డకట్టి పగిలిపోతుంది. అక్కడ ఆర్వీ ఉన్న ప్రతివాళ్ళూ అక్టోబరులో చేసుకునే పని ఇది, మనం వానాకాలం ముందు పెంకులు సర్దించుకున్నట్టు. మొదటి సంవత్సరం డబ్బిచ్చి మెకానిక్కు చేత చేయించాను. అతను చేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. చూశాక నాకు తోచిందేమిటో తెలుసా? "ఇంతేనా? నేను పంపుల ఇంజినీరును, దీనికి వీడికి డబ్బులెందుకు?"

2016 అక్టోబరు చివర్లో ఒక ఆదివారం. ఆ రాత్రికి మైనస్ 8 అని వాతావరణ వార్త. అప్పటికే సాయంత్రమైంది, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ట్యాంకులు ఖాళీ చేశాను. హీటరు ప్లగ్గు తీశాను. బండి అడుగున ఉండే రెండు డ్రెయిన్ కుళాయిలు తెరిచాను. లోపల సింకు, బేసిన్, షవరు కుళాయిలన్నీ తిప్పి వదిలేశాను. నీళ్ళన్నీ బుడబుడా కారిపోయాయి. ఆ తర్వాత గాలి కొట్టి ఊదాలి, మందు పోయాలి. "నీళ్ళు పోయాయి కదా, ఇంకేముంటుంది" అనుకుని టార్పాలిన్ కప్పేసి లోపలికి వెళ్ళిపోయాను.

2017 మే నెలలో మా నాన్న వచ్చారు. ఆయనకప్పుడు 78 ఏళ్ళు. అమెరికా రావడం అదే మొదటిసారి. ఈ సభలో చాలామంది ఆయన్ని ఎరుగుదురు. జీవితమంతా వ్యవసాయం. సుపీరియర్ సరస్సు చూపిస్తానని చెప్పాను. విస్తీర్ణంలో ప్రపంచంలోకెల్లా పెద్ద మంచినీటి సరస్సు అది, 82 వేల చదరపు కిలోమీటర్లు. నాలుగు రోజుల ప్రయాణం వేసుకున్నాం. డులూత్ ఊరు దాటి ఉత్తరపు ఒడ్డున ఒక పార్కులో ట్రైలరు పెట్టాం. నాన్న ఒడ్డున నిలబడి చేత్తో నీళ్ళు తీసుకుని రుచి చూసి, "ఇది చెరువేమిట్రా, సముద్రం. ఉప్పు వెయ్యడం మర్చిపోయాడు దేవుడు" అన్నారు. మర్నాడు స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ చూద్దామనుకున్నాం. ఎత్తయిన కొండకొమ్ము మీద 1910లో కట్టింది.

రాత్రి రెండు గంటలప్పుడు నాన్న నన్ను లేపారు. "ఒరే, ఎవరూ కుళాయి తిప్పకుండా మోటారు ఎందుకు ఆడుతోందిరా?" అన్నారు. పంపు కాసేపు గుర్రుమనడం, ఆగడం, మళ్ళీ గుర్రుమనడం. నలభై ఏళ్ళు బోరు మోటారు చప్పుడు వింటూ పడుకున్న మనిషి ఆయన. పంపుల ఇంజినీరు మాత్రం గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. దీపం వేసి చూస్తే పడక కింద నీళ్ళు. ట్యాంకు సగానికి పైగా ఖాళీ. గోడ లోపలనుంచి కారి, నేలకు పరిచిన ప్లైవుడ్ ఉబ్బిపోయింది. పరుపు కింది భాగం నానిపోయింది.

తెల్లారాక వెతికితే తేలింది. ట్రైలరు బయటివైపు గోడకు చిన్న తలుపు ఉంటుంది. దాని వెనక ఒక షవరు. బురద కాళ్ళు కడుక్కోవడానికి, కుక్కలకు స్నానం చేయించడానికి పెడతారు. మేం దాన్ని ఎప్పుడూ వాడలేదు. అది ఉందన్న సంగతే నాకు గుర్తులేదు. దాని కుళాయిలు కట్టేసి ఉండటంతో ఆ కొమ్మలో ఒక గ్లాసుడు నీళ్ళు అలాగే ఉండిపోయాయి. బయటి గోడకే ఉన్న ప్లాస్టిక్ వాల్వు, చలికి అడ్డేమీ లేదు. చలికాలంలో గడ్డకట్టి వాల్వుకు నిలువునా బీట వేసింది. 150 లీటర్ల ట్యాంకు ఏ నష్టమూ చేయలేదు. 23 లీటర్ల హీటరూ చేయలేదు. గ్లాసుడు నీళ్ళు చేశాయి.

నాన్న ఆ వాల్వును చేతిలో తిప్పి తిప్పి చూశారు. కోప్పడలేదు. "స్ప్రేయరు కడిగినప్పుడు ట్యాంకు వంచితే సరిపోదురా. గన్ను నొక్కాలి. గొట్టంలో ఉన్నది అప్పుడుగానీ పోదు" అన్నారు. పురుగుమందు కొట్టిన ప్రతిసారీ ఆయన చేసే పని అది. నేను చిన్నప్పుడు వందసార్లు చూసి ఉంటాను. మీలో వ్యవసాయం చేసేవాళ్ళందరికీ తెలుసు. పంపుల ఇంజినీరుకు తట్టలేదు.

మాస్టారూ, ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు. రెండో సీసా ఎందుకు పగల్లేదంటే, పెరిగిన మంచుకు పోవడానికి చోటుంది కాబట్టి. పైపుల్లోనూ అంతే. మంచు గడ్డ పైపుకు అడ్డంగా కట్టి, అటుపక్క కుళాయి మూసి ఉంటే, మధ్యలో చిక్కుకున్న నీటికి దారి ఉండదు. గడ్డ పెరిగేకొద్దీ ఆ నీటి మీద ఒత్తిడి పెరుగుతుంది. చాలాసార్లు పైపు పగిలేది గడ్డ ఉన్నచోట కాదు, ఆ చిక్కుకున్న నీరు ఉన్నచోట. ఎటూ కదలనివ్వకుండా నీటిని పూర్తిగా బంధిస్తే, మైనస్ 22 డిగ్రీల దగ్గర ఆ ఒత్తిడి 2000 అట్మాస్ఫియర్ల దాకా పోగలదు. దానికి ప్లాస్టిక్ వాల్వేమిటి, ఇనుప గొట్టమే ఆగదు. కాబట్టి ఎన్ని నీళ్ళు ఉన్నాయన్నది కాదు ముఖ్యం. ఏ నీటికి దారి లేదన్నది ముఖ్యం. అయిదు మార్కుల జవాబులో నేను 9 శాతం అని రాశాను గానీ, ఈ ముక్క రాయలేదు. మీరు వేసిన మార్కుల్లో రెండు వెనక్కి తీసుకోవచ్చు.

ఇక ఆ పని సరిగ్గా ఎలా చేయాలో చెబుతాను. మీ పిల్లలు అక్కడ చలి రాష్ట్రాల్లో ఉంటే వాళ్ళకు పనికొస్తుంది.

ముందు మరుగుదొడ్డి ట్యాంకు, తర్వాత వాడిన నీళ్ళ ట్యాంకు ఖాళీ చేయాలి. ఆ వరసలో చేస్తే రెండోది గొట్టాన్ని కడిగిపెడుతుంది. మంచినీళ్ళ ట్యాంకు వదిలేయాలి. హీటరు గ్యాసూ కరెంటూ రెండూ ఆపి, కొన్ని గంటలు చల్లారనిచ్చి, వేడినీళ్ళ కుళాయి తిప్పి ఒత్తిడి తీసేశాకే దాని ప్లగ్గు విప్పాలి. వేడిగా ఉండగా విప్పితే మరిగే నీళ్ళు ముఖం మీదకు వస్తాయి. ఖాళీ హీటరుకు పొరపాటున కరెంటు పెడితే లోపలి కాయిలు కాలిపోతుంది. అందుకని స్విచ్చి మీద టేపు అంటించాలి. నీళ్ళ ఫిల్టర్ తీసి పారేయాలి. ఆ తర్వాత హీటరును పక్కకు తప్పించే వాల్వులు తిప్పాలి. లేకపోతే తర్వాత పోసే మందులో 23 లీటర్లు అదే తాగేస్తుంది.

అప్పుడు అడుగు డ్రెయిన్లు తెరిచి, నీళ్ళు కారిపోయాక మూసేసి, బయటినుంచి నీళ్ళు ఎక్కించే చోట కంప్రెసర్ తగిలించి గాలి ఊదాలి. ఒత్తిడి 40 పీఎస్‌ఐ మించకూడదు. ఎప్పుడూ ఏదో ఒక కుళాయి తెరిచే ఉంచాలి. అన్నీ మూసి గాలి కొడితే చలికాలం చేసే పని మనమే చేసినట్టు. ఒక్కో కుళాయి తెరుస్తూ, తుంపర ఆగి ఉత్త గాలి వచ్చేదాకా ఊదాలి.

చివరిది గులాబీ రంగు మందు. అది ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపిన నీరు. కారు రేడియేటర్‌లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ మాత్రం మంచినీళ్ళ పైపుల్లో ఎన్నడూ పోయకూడదు. అది విషం, పైగా తియ్యగా ఉంటుంది. పంపుకు గొట్టం పెట్టి ఈ మందును పీల్పించి, పంపుకు దగ్గరగా ఉన్న కుళాయి నుంచి మొదలుపెట్టి, వేడిదీ చల్లదీ రెండూ, గులాబీ రంగు వచ్చేదాకా తిప్పాలి. సింకు, బేసిన్, షవరు, మరుగుదొడ్డి, బయటి షవరు. అన్నీ. ప్రతి సింకు కిందా వంపు గొట్టంలో నీరు నిలిచి ఉంటుంది, అక్కడ ఒక కప్పు పోయాలి. మా ట్రైలరుకు మొత్తం 10 లీటర్లు సరిపోతుంది. ఆ మందు గట్టి చలిలో ఐస్‌ఫ్రూట్ గుజ్జులా అవుతుంది గానీ, గట్టి గడ్డ కట్టి పైపును చీల్చదు.

వసంతంలో మళ్ళీ తెరిచేటప్పుడు మంచినీళ్ళతో రంగు పోయేదాకా కడగాలి. 150 లీటర్ల ట్యాంకుకు సుమారు 160 మిల్లీలీటర్ల లెక్కన వాసన కలపని మామూలు బ్లీచు వేసి, అన్ని కుళాయిల దాకా రానిచ్చి, కొన్ని గంటలు ఉంచి, మళ్ళీ బాగా కడిగేయాలి. తర్వాత అన్ని కుళాయిలూ కట్టేసి పంపు ఆన్ చేసి చప్పుడు వినాలి. ఎవరూ తిప్పకుండా ఆడిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఇది ఇంటి దగ్గరే, ప్రయాణానికి వారం ముందే చేయాలి. నేను ఇది కూడా చేయలేదు. చేసి ఉంటే ఆ చప్పుడు మా వాకిట్లోనే వినపడేది.

ఆ ఉదయం మేం వెనక్కి తిరిగి వచ్చేశాం. లైట్‌హౌస్ చూడలేదు. "మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాంలే" అన్నారు నాన్న. ఆయన మళ్ళీ రాలేదు. 2019లో పోయారు. వాల్వు ఖరీదు ఎంతో చెప్పను గానీ, పార్కుకు వెళ్ళడానికి పోసిన పెట్రోలు కంటే తక్కువ. నేల బాగుచేయించడానికి చాలా అయింది. అవి నాకు గుర్తులేవు. ఆ రెండో రోజు మాత్రం గుర్తుంది.

ఇప్పుడు మా ట్రైలరులో బీరువా తలుపు లోపల ఒక కాగితం అంటించి ఉంటుంది. పదిహేడు పనులు, వరసగా. అయినదానికల్లా పెన్సిల్ టిక్కు. పదహారు ఇంగ్లీషులో ఉంటాయి. చివరిది తెలుగులో: "గన్ను నొక్కావా?" మా పిల్లలకు తెలుగు చదవడం అంతగా రాదు. కానీ అది మాత్రం చదువుతారు. అక్టోబరులో నేను లోపలికి రాగానే అడుగుతారు కూడా.

ఇక మన బడి ఫిల్టర్ దగ్గరికి వస్తాను. ఆరేళ్ళ క్రితం మా బ్యాచ్ 31 మందిమి డబ్బులు వేసుకుని దాన్ని పెట్టించాం. రిబ్బను కత్తిరించాం, ఫొటోలు దిగాం, పేర్లతో పలక అతికించాం. నిన్న చూస్తే పలక మెరుస్తోంది, ఫిల్టర్ ఆడటం లేదు. పిల్లలు ఇంటినుంచి సీసాలు తెచ్చుకుంటున్నారు. ఫిల్టర్ గుల్లలు ఆరునెలలకో ఏడాదికో మార్చాలి. లోపలి పొర రెండుమూడేళ్ళకు మార్చాలి. వేసవి సెలవుల్లో ట్యాంకులో నీళ్ళు నిలవ ఉంచకూడదు, జూన్‌లో బడి తెరిచేముందు ట్యాంకు కడగాలి. ఇవేవీ మేం ఎవరికీ చెప్పలేదు, వాటికి డబ్బులూ పెట్టలేదు. తప్పు బడిది కాదు, ప్రధానోపాధ్యాయులది అంతకన్నా కాదు. ట్యాంకు వంచి, గన్ను నొక్కకుండా వెళ్ళిపోయింది మేమే.

నిన్న రాత్రి మా బ్యాచ్ వాళ్ళం ఏడుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఈ వారంలోనే ఫిల్టర్ బాగుచేయిస్తున్నాం. ఏటా అయ్యే ఖర్చుకు సరిపడా వడ్డీ వచ్చేలా సంఘం పేరున డిపాజిట్ వేస్తున్నాం. ఊళ్ళోనే ఉన్న మా ఇద్దరు మిత్రులు ఏప్రిల్ చివర ఒకసారి, జూన్ మొదట్లో ఒకసారి వచ్చి చూస్తారు. ఫిల్టర్ పక్కన ఒక కాగితం అంటిస్తాం. చేయాల్సిన పనులు, చేసిన తేదీ, చేసినవాళ్ళ సంతకం. పలక మీద మా పేర్ల కంటే ఆ కాగితం మీద సంతకాలు ఎక్కువ కావాలని నా కోరిక.

మిగతా బ్యాచ్‌లవాళ్ళకు నాదొక మనవి. మీరు ఇచ్చిన కంప్యూటర్లు, ఫ్యాన్లు, ల్యాబ్ సామాన్లు కూడా ఈ సాయంత్రం టీ తాగాక ఒకసారి చూసి వెళ్ళండి. ఏది ఆడుతోంది, ఏది ఆగింది, ఎందుకు ఆగింది అని. పది నిమిషాల పని.

మాస్టారూ, జవాబు నలభై ఏళ్ళు ఆలస్యమైంది. క్షమించాలి. మీరు మళ్ళీ సీసాలు తెస్తే, ఈసారి గంట కొట్టినా కూర్చుంటాం.